ఉనైజా మాటులో పిట్టలను తోలిన గొంతు

ముందే చెప్తున్నాను, దయ్యాలు, గాలి సోకడాలు, చేతబడులు, వీటిలో దేన్నీ నేను నమ్మిన మనిషిని కాదు. మా గదిలో శుక్రవారం అన్నాలు తిన్నాక ఎవరో ఒకరు ఎడారి రోడ్డు మీద చెయ్యెత్తి బండి ఆపిన ఆడమనిషి కథ ఎత్తుకుంటారు. నేను దుప్పటి ముసుగుతన్ని గోడవైపు తిరుగుతాను. మరీ గట్టిగా చెప్తుంటే మాత్రం లేచి, "నువ్వు చూసినవా, నీకు చెప్పినోడు చూసిండా?" అని అడుగుతాను. మామూలుగా కథ అక్కడితో ఆగుతుంది. అందుకే గదిలో నాకు పెద్దగా మంచి పేరు లేదు.

ఇప్పుడు ఎవరైనా అదే ప్రశ్న నన్నే అడిగితే, నేనే విన్నానని ఒప్పుకోవాలి. ఈ సంగతి రాయడానికి నాకున్న చిరాకంతా అదే.

మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. నా పేరు రాజేశం. చేసేది వడ్రంగి పని. సౌదీలో ఉనైజా ఊరి బయట ఖర్జూరం తోటలున్న ఒక పెద్దమనిషి దగ్గర ఉంటాను. ఆయన్ని అందరూ అబూ ఫహద్ అంటారు. నా కఫీల్ ఆయనే, అంటే ఇకామా అనే నా నివాస కార్డు, నా సెలవు, అన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. చెడ్డవాడు కాదు. జీతం ఆపడు. కానీ ఒక పని మనసులో పడితే అది అయ్యేదాకా మిగతా లోకం ఆయనకు కనపడదు. పోయిన సంవత్సరం వేసవి చివర ఆయన మనసులో పడింది మాటు.

మాటు అంటే వేటగాడు పిట్టలకు కనపడకుండా దాక్కుని కూర్చునే చోటు. ఆ కాలంలో ఉత్తరం నుంచి వలస గువ్వలు దిగుతాయి. అక్కడివాళ్ళు గుమ్రీ అంటారు. తోట చివర పాత బోరు దగ్గర ఒక సిమెంటు తొట్టి ఉంది, గొర్రెలకు నీళ్ళు పెట్టేది. తెల్లవారాక గువ్వలు అక్కడ వాలతాయి. అబూ ఫహద్‌కు వేట పర్మిటు ఉంది, గాలితుపాకీ ఉంది, లేనివి మోకాళ్ళు. పొదల్లో వంగి కూర్చోలేడు. హాయిగా కుర్చీలో కూర్చుని, కహ్వా కాఫీ తాగుతూ, ఎండ తగలకుండా కాల్చుకోవాలి. అలాంటిది కట్టమని నాకు చెప్పాడు.

అదే సమయంలో నా భార్య స్వప్నకు నెలలు నిండుతున్నాయి. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండుసార్లూ నేను ఇక్కడే ఉన్నాను, ఫోన్లో ఏడుపు వినడం తప్ప ఏమీ చేయలేకపోయాను. ఈసారి డాక్టరమ్మ మంచం దిగొద్దంది. "బతుకమ్మ వరకు వస్తనన్నవ్, రాకపోతే నేను దవాఖానకే వోను" అని స్వప్న చెప్పింది. బెదిరింపు కాదది, భయం. ఈసారి కాన్పుకు నేను పక్కన ఉండి తీరాలని నేనూ మొక్కినంత గట్టిగా అనుకున్నాను.

సెలవు అడిగితే అబూ ఫహద్ సంతోషంగా తల ఊపాడు. ఫోన్లో ఒక్క నొక్కు నొక్కితే నా ఎగ్జిట్ రీ-ఎంట్రీ, అంటే ఊరికి పోయి రావడానికి అనుమతి, వచ్చేస్తుంది. "మాటు కట్టు, నేను పిట్ట కొడతాను, మరునాడు నువ్వు విమానంలో ఉంటావు" అన్నాడు. అరబ్బీ సగం, హిందీ సగం మాట్లాడతాడు మాతో. మాట ఇస్తే తప్పడు. ఆ మాట ఎలాంటిదో నాకు తర్వాత తెలిసింది. మాటు కడితే సెలవు కాదు, పిట్ట పడితే సెలవు.

నేను మొదట చేసిన పని చెప్తే మా ఊరివాళ్ళు నవ్వరు గానీ మిగతావాళ్ళు నవ్వుతారు. పిట్టలు, చూసే చోటు, ఎత్తున కూర్చునే మనిషి, ఈ మూడూ వినగానే నా చేతులు వాటంతట అవే మంచె కట్టేశాయి. నాలుగు గుంజలు, పైన పలకలు, పట్టుకుని ఎక్కడానికి నిచ్చెన, నెత్తిన ఖర్జూరపు మట్టల కప్పు. అబూ ఫహద్ మోకాళ్ళ కోసం మెట్లు వెడల్పుగా కూడా పెట్టాను. గుంజలు కదలకుండా కింద సిమెంటు పోశాను. నా పనికి నేనే మురిసిపోయాను.

మంచె మీద మనిషి కనపడడానికే కూర్చుంటాడన్న సంగతి నాకు తట్టలేదు. మా దగ్గర జొన్నచేలలో మంచె వేసేది పిట్టలను తోలడానికి. అది ఎంత దూరం కనపడితే అంత మంచిది. నేను వేటగాడికి కావలివాడి ఇల్లు కట్టి పెట్టాను. అబూ ఫహద్ బండి దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు పైకి చూశాడు. "ఈ ట్యాంకులో నీళ్ళెప్పుడు నింపుతావు?" అని అడిగాడు.

పక్కన మస్తాన్ భాయ్ పడీపడీ నవ్వాడు. మస్తాన్ కడప మనిషి, అబూ ఫహద్‌కు డ్రైవరు. నాకు ఇక్కడ ఉన్న ఒకే ఒక్క స్నేహితుడు. ఆ నవ్వుకు ఆ రోజు అతనితో మాట్లాడలేదు.

మంచె విప్పేశాను. రెండోసారి ప్లైవుడ్‌తో నేల మీద ఒక డబ్బా చేశాను. ముందు ఒక కిటికీ, వెనక తలుపు. దానిలో కూర్చుంటే మనిషి అరగంటలో ఉడికిపోతాడు. తలుపు తీస్తే వెనక నుంచి వెలుతురు పడి, లోపలున్న మనిషి నీడ కిటికీలో బొమ్మలా కనపడేది. గువ్వలు తొట్టి దాకా వచ్చి, చూసి, తోట అవతలికి పోయేవి. అబూ ఫహద్ చెమటతో బయటికి వచ్చి, తలగుడ్డ తీసి పిండి, బండెక్కాడు. తిట్టినా బాగుండేది.

ఈలోపు స్వప్న రోజూ ఒకటే ప్రశ్న. "టికెట్ తీసినవా?" నాది రోజూ ఒకటే జవాబు, ఇంకా లేదని. చివరికి ఆమె అడగడం మానేసింది. అది ఇంకా బాధ.

మూడోసారి కోపంతో కట్టాను. అందుకే బాగా వచ్చిందనుకుంటాను. పొద్దుటి ఎండ మాటు వెనక నుంచి తొట్టి మీద పడే దిక్కు చూసుకుని, నడుం లోతు గొయ్యి తవ్వాను. నేలలోకి దిగితే చల్లదనం దానంతటదే వస్తుంది. తేళ్ళు రాకుండా గోడల అడుగున సిమెంటు పూశాను. గోడలు రెండు వరసలు: లోపల ప్లైవుడ్, బయట ఖర్జూరపు మట్టలు, మధ్యలో జానెడు ఖాళీ. గాలి కింద నుంచి దూరి పైన పోతుంది. మంచె గుంజలనే కోసి పైకప్పు దూలాలు వేశాను, వాటి మీద మట్టలు, మట్టల మీద ఇసుక. దూరం నుంచి చూస్తే ఒక ఇసుక దిబ్బ, పైన ఎండిన మట్టలు, అంతే.

లోపలంతా నల్లరంగు. చీకట్లో కూర్చున్న మనిషి వెలుతురులో ఉన్న పిట్టకు కనపడడు. తలుపు నేరుగా పెట్టలేదు, ఒక మలుపు తిప్పి, మందపాటి తెర వేశాను. కూర్చున్న మనిషి కంటి ఎత్తులో, గోడ పొడుగునా సన్నటి చీలిక. దాని మీద గోనెపట్ట ముక్క, కావలసినంత ఎత్తుకోవచ్చు. పాడైపోయిన పికప్ నుంచి డ్రైవరు సీటు ఊడదీసి, చుట్టూ తిరిగేలా బిగించాను. కాళ్ళు చాపుకోవడానికి ఒక పీట. తుపాకీ ఆనించే పలక మీద పాత కంబళి ముక్క అంటించాను, చప్పుడు కాకుండా. ఫ్లాస్కుకు ఒక గూడు. కింద తివాచీ. నా సొంత ఇంట్లో అంత సుఖంగా కూర్చునే చోటు లేదు.

అబూ ఫహద్ లోపల కూర్చుని ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరిగాడు. చిన్నపిల్లవాడిలా మళ్ళీ తిరిగాడు. "ఖలాస్" అన్నాడు. అంటే అయిపోయినట్టే. నేను ఆ సాయంత్రమే సూట్‌కేసు దించాను.

మర్నాడు పొద్దెక్కాక ఆయన మాటులోకి వెళ్ళాడు. నేను, మస్తాన్ దూరంగా పంపు షెడ్డు దగ్గర చాయ్ పెట్టుకుని కూర్చున్నాం. గువ్వలు దిగాయి. తొట్టి అంచున బారుగా వాలి నీళ్ళు తాగుతున్నాయి. ఇక దెబ్బ వినపడుతుందని నేను చెవులు రిక్కించాను. దెబ్బ లేదు. ఉన్నట్టుండి మొత్తం గుంపు ఒక్కసారి లేచిపోయింది.

అబూ ఫహద్ బయటికి వచ్చి మమ్మల్ని చూసి చేతులు ఊపుతూ నడిచి వచ్చాడు. "ఎవరు అరిచింది?" అన్నాడు. మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. ఎవరూ అరవలేదు. తోటలో కోతకు వచ్చిన మనుషులు చాలా దూరంగా అవతలి చివర ఉన్నారు. వాళ్ళ మాట కూడా మాకు వినపడదు. ఆయన నమ్మలేదు. మా చాయ్ గ్లాసులు చూసి, మా మొహాలు చూసి, ఇంటికి పోయాడు.

తర్వాత రోజూ అదే. పిట్టలు వస్తాయి, తాగుతాయి, ఈయన తుపాకీ ఎత్తగానే లేస్తాయి. ఒకరోజు కోతవాళ్ళను కూడా సెలవిచ్చి పంపేశాడు. అయినా అదే. ఆ రోజు ఆయన బయటికి వచ్చి నా ముందు నిలబడి, ఆ అరుపు ఎలా ఉందో అరిచి చూపించాడు.

"హోయ్" అని ఎత్తుకుని, మధ్యలో వెక్కిలిలా తెగి, మళ్ళీ "య్యా" అని పైకి లేచిపోయే కేక. ఆ వెంటనే పక్కనున్న పికప్ బానెట్ మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. "ఇలా" అన్నాడు. "ఆడమనిషి గొంతు."

ఆ కేక నేను ఇంతకు ముందు విన్నదే. ఎక్కడో చెప్తాను.

మా చిన్నప్పుడు మా దిక్కు ఇంకా జొన్నలు వేసేవారు. పంట పాలుపట్టే సమయానికి ప్రతి చేనుకూ ఒక మంచె, మంచె మీద ఒక మనిషి. పిట్టలను తోలే కేక ఒక్కొక్కరిది ఒక్కో తీరు. ఇంట్లో కూర్చుని వింటే ఎవరి చేను నుంచి ఎవరు అరుస్తున్నారో చెప్పొచ్చు. మా చేనుకు మల్లవ్వ అని ఒకామె కావలి ఉండేది. ఆమె కేక మధ్యలో తెగేది. ఎందుకు తెగేదో తెలియదు, గొంతు తీరే అంత. కేక అవ్వగానే పక్కనున్న నూనె డబ్బా మీద రెండు దెబ్బలు. మేం పిల్లలం ఆమెను వెక్కిరించడానికి అచ్చం అలాగే అరిచేవాళ్ళం, కానీ ఆ తెగడం మాకు ఎవరికీ కుదరలేదు.

అబూ ఫహద్‌కు కుదిరింది. ఉనైజా దాటి రియాద్, మక్కా తప్ప పెద్దగా ఎటూ పోని మనిషికి.

నా మొహం చూసి మస్తాన్ పసిగట్టాడు. ఆయన వెళ్ళాక నన్ను అడిగాడు, నేను చెప్పాను. మస్తాన్ చాయ్ పారబోసి దగ్గరికి జరిగాడు. "నోరు మూసుకోని ఉండు రాజన్నా" అన్నాడు. "అది మా ఊరి కేక అని నువ్వంటే, నువ్వే యాడో స్పీకరు పెట్టినావంటాడు ఆయప్ప. నీ చుట్టీ పాయె, నా డ్యూటీ పాయె."

అతను చెప్పింది నిజమే. అప్పటికే అబూ ఫహద్‌కు నా మీద అనుమానం వచ్చింది. ఒకరోజు తనే వచ్చి మాటు అంతా వెతికాడు. సీటు కింద, రెండు గోడల మధ్య, కప్పు మట్టల్లో చెయ్యి పెట్టి చూశాడు. ఏమీ దొరకలేదు. "నువ్వు ఇందులో స్పీకరు అయినా పెట్టావు, జిన్ను అయినా పెట్టావు. ఏది పెట్టినా తీసెయ్" అన్నాడు. ఆయన తమాషాకు అనలేదు. పిట్ట పడేదాకా సెలవు మాట ఎత్తొద్దన్నాడు.

ఇదేం న్యాయమో నాకు అర్థం కాలేదు. నేను కట్టాల్సింది కట్టాను. తలుపు కిర్రుమంటే నన్ను అనాలి, కప్పు కారితే నన్ను అనాలి. గొంతుకు నేనెలా బాధ్యుణ్ణి? రాత్రి పడుకుంటే నిద్ర పట్టేది కాదు, పొద్దున లేస్తే పని మీద మనసు ఉండేది కాదు. మా గదిలో ఎవరైనా గట్టిగా దగ్గినా కొట్లాటకు పోయేవాణ్ణి.

నమ్మకం లేనివాణ్ణి కదా, పరీక్ష చేశాను. ఫోన్లో రికార్డింగు ఆన్ చేసి, అబూ ఫహద్‌కు చెప్పకుండా, మట్టల మధ్య దాచి పెట్టాను. ఆ పొద్దున కూడా ఆయన కేక విన్నానన్నాడు. రికార్డింగు నేను, మస్తాన్ ముందూ వెనకా తిప్పి తిప్పి విన్నాం. ఆయన ఫ్లాస్కు మూత తీసిన చప్పుడు ఉంది. సీటు తిరిగిన చప్పుడు ఉంది. రెక్కలు ఒక్కసారి లేచిన చప్పుడు స్పష్టంగా ఉంది. తర్వాత ఆయన ఏదో గొణిగాడు. కేక మాత్రం లేదు.

"ముసలాయన చెవుల్లోనే ఉంది ఆ కేక" అన్నాడు మస్తాన్. నాకూ కొంచెం ఊరట కలిగింది. కానీ చెవుల్లో ఉన్న కేకకు గువ్వలెందుకు లేస్తాయి?

మర్నాడు అబూ ఫహద్ పక్క పట్నమైన బురైదాకు పని మీద, కొడుకు కారులో పోయాడు. నేను ఒక్కణ్ణే మాటులో కూర్చున్నాను. పొద్దు బాగా పైకి వచ్చింది, తొట్టిలో నీళ్ళు మెరుస్తున్నాయి. గువ్వలు వచ్చాయి. చాలాసేపు తాగాయి, మెడలు ఎత్తి చూసుకున్నాయి, కొన్ని తొట్టి పక్క ఇసుకలో పొర్లాయి. నేను కదిలాను, దగ్గాను, గోనెపట్ట ఎత్తి దించాను. ఒక్కటి కూడా బెదరలేదు. మాటు అంత బాగా కుదిరింది. ఏ కేకా లేదు. నవ్వొచ్చింది నాకు.

అప్పుడు మూలన పడి ఉన్న నీళ్ళ పైపు ముక్క తీసి, పలక మీద ఆనించి, తుపాకీలాగా ఒక గువ్వకు గురి పెట్టాను. ఊరికే, ఆయన ఎలా చూస్తాడో చూద్దామని.

నెత్తి మీద నుంచి వచ్చింది కేక.

వెనక నుంచి కాదు, బయట పక్క నుంచి కాదు. పైన. కప్పు మీద నుంచి కూడా కాదు, దానికి ఇంకా చాలా పైన, నేను విప్పేసిన మంచె అంత ఎత్తున, ఒక మనిషి గాలిలో కూర్చుని అరిచినట్టు. హోయ్ అని, తెగి, య్యా అని. రెండు దెబ్బలు, ఖాళీ డబ్బా మోత. గువ్వలు లేచిపోయాయి. పైపు నా చేతిలోంచి జారి తివాచీ మీద పడింది, చప్పుడు కాలేదు.

బయటికి పరుగెత్తాను. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. చెట్టు లేదు, తీగ లేదు, స్తంభం లేదు. దూరంగా తోట, ఇటు ఇసుక. మస్తాన్ షెడ్డు దగ్గర బండి తుడుస్తున్నాడు. నన్ను చూసి ఏమైందని చెయ్యి ఊపాడు. అతనికి పిట్టలు లేవడం కనపడింది, ఏమీ వినపడలేదు.

ఆ సాయంత్రం స్వప్నకు ఫోన్ చేసి మల్లవ్వ గురించి అడిగాను. చచ్చిపోయిందని చెప్తుందనుకున్నాను. నిజం చెప్పాలంటే అలా చెప్తే కొంత తేలికగా ఉండేది.

"మల్లవ్వనా? కోరుట్లల బిడ్డ దగ్గర ఉంటది గద" అంది స్వప్న. "నిరుడు పక్షవాతం వచ్చింది. మంచంలనే. మాట పూరాగ వడిపోయింది. ఎందుకు అడుగుతున్నవ్?"

ఊరికే అన్నాను. "నువ్వు వస్తవా రావా, అది చెప్పు ముందు. నొప్పులు లేస్తున్నయ్ అప్పుడప్పుడు" అంది.

నాకు భయం కంటే కోపం ఎక్కువ వచ్చింది. అప్పటికి ఎన్నాళ్ళ నుంచో కోపం దాచుకుని ఉన్నాను, చూపించడానికి మనిషి లేక. అబూ ఫహద్‌ను అనలేను. స్వప్నను అనలేను. మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయినప్పుడు మాటు దగ్గరికి వెళ్ళి, కప్పుకు ఎదురుగా ఎండలో నిలబడి, పైకి చూసి మాట్లాడాను. ఎవరైనా చూస్తే పిచ్చి లేచిందనుకునేవారు.

"అవ్వా, ఇది మన చేను గాదు" అన్నాను. "ఈడ జొన్నలు లేవు. ఎవని పంట కావలి గాస్తున్నవ్ నువ్వు? ఆ గువ్వలు నీకేమైతయ్? నా పెండ్లాం ఆడ ఒక్కతే ఉన్నది. రెండుసార్లు కడుపు పోయింది, మళ్ళ పోతే అది బతకదు. నీకు దండం వెడ్త, నీ కాలు మొక్కుత, ఇగ చాలు. ఇక్కడికెళ్ళి వో. పో అంటున్న."

చివరికి నేను అరుస్తున్నాను. మాటలు కూడా అయిపోయి, చిన్నప్పుడు పిట్టలను తోలినట్టే, రెండు చేతులూ ఎత్తి, హోయ్ హోయ్ అని తోలాను. ఒక ఇసుక దిబ్బను. గొంతు బొంగురుపోయేదాకా తోలాను. గాలికి మట్టలు కొంచెం కదిలాయి, అంతే.

తర్వాతి పొద్దున అబూ ఫహద్ మాటులోకి వెళ్ళాడు. నేను షెడ్డు దగ్గర నిలబడలేక బండి వెనక్కి పోయి కూర్చున్నాను. చాలాసేపటికి ఒక చిన్న చప్పుడు వినపడింది, గాలితుపాకీది. తర్వాత ఇంకొకటి. తర్వాత ఇంకొకటి. పిట్టలు లేచి, చుట్టు తిరిగి, మళ్ళీ వచ్చి వాలుతున్నాయి. వాటిని తోలేవాళ్ళు లేరు.

ఆయన బయటికి వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. స్పీకరు తీసేసినందుకు థాంక్స్ చెప్పాడు. నేను ఔనని గానీ కాదని గానీ అనలేదు. అక్కడే, ఇసుకలో నిలబడే, కళ్ళద్దాలు పెట్టుకుని ఫోన్ తీసి నా ఎగ్జిట్ రీ-ఎంట్రీ నొక్కాడు. నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మస్తాన్ నా వీపు మీద ఒక్కటి చరిచి, "పో రాజన్నా, పో" అన్నాడు. ఎయిర్‌పోర్టుకు అతనే దింపాడు.

నేను చేరాకే స్వప్నను దవాఖానకు తీసుకుపోయాను. ఆడపిల్ల పుట్టింది. ఏడ్చింది, గట్టిగానే ఏడ్చింది. అంతకు ముందు రెండుసార్లు ఆ ఏడుపు వినని స్వప్న, నా చొక్కా పట్టుకుని వదల్లేదు. ఆ రోజు నేను ఎంత సంతోషపడ్డానో రాయడం నాకు చేతకాదు. కారిడార్లో గోడకు ఆనుకుని, ముక్కు చీదుకుంటూ, అక్కడున్న ప్రతి ఒక్కరికీ పిల్ల తెల్లగా ఉందని చెప్పాను. నిజానికి నల్లగా ఉంది.

అక్కడితో ఆగిపోయి ఉంటే ఇది కూడా మా గదిలో చెప్పుకునే కథల్లాంటిదే అయ్యేది, నేనే దుప్పటి ముసుగుతన్నేవాణ్ణి. కానీ తల్లీపిల్లా ఇంటికి చేరాక, నాకు మనసాగక కోరుట్ల వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో సరిగ్గా తెలియదు. దయ్యం కాదని తేల్చుకోవడానికని చెప్పుకున్నాను.

మల్లవ్వ కూతురు లక్ష్మి నన్ను గుర్తుపట్టింది. మల్లవ్వ ముందుగదిలో ఇనప మంచం మీద ఉంది. బాగా చిక్కిపోయింది. ఎడమ చెయ్యి, కాలు పనిచేయవు, మాట లేదు. కానీ కళ్ళు బాగున్నాయి. "మనుషులొస్తే మస్తు సంబరపడ్తది అవ్వ" అంది లక్ష్మి. "ఎవరొచ్చినా నవ్వుతది. చెయ్యి వట్టుకుంటే ఇడువది."

నేను స్టూలు మీద కూర్చున్నాను. లక్ష్మి చాయ్ తెచ్చి, మాటల్లో మాటగా ఇంకో సంగతి చెప్పింది. "ఈ మధ్యల రోజూ పొద్దెక్కినంక కుడి చేత్తోని మంచం పట్టీ మీద కొడుతుండె తమ్మీ. రెండేసి దెబ్బలు. ఆకలైతుందేమో అనుకుని నేను లేచి చాయ్ వెడుతుంటి. తాగకపోతుండె. ఇప్పుడు బంద్ చేసింది."

ఎప్పటి నుంచి ఆపిందని అడిగాను. లక్ష్మి ఆలోచించింది. గుర్తు లేదంది. బతుకమ్మ పెట్టేముందో, ఆ తర్వాతో అంది. నేను మళ్ళీ అడిగాను. "ఏమో తమ్మీ, ఎవలు యాదివెట్టుకుంటరు?" అంది. కాబట్టి ఇది సాక్ష్యం కిందకు రాదు. నాకు తెలుసు.

మల్లవ్వ దగ్గరికి జరిగి, నేను ఫలానా వాళ్ళ కొడుకునని చెప్పాను. చూస్తూ ఉంది. ఫోన్ తీసి పిల్ల ఫొటో చూపించాను. ఆమె కుడి చెయ్యి మెల్లగా లేచింది. ఒక వేలితో తెర మీద పిల్ల చెంప ముట్టుకుంది. వేలు తగిలి ఫొటో పెద్దదైంది, ఆమె నవ్వింది. నోరు ఒక పక్కకే నవ్వింది గానీ, నవ్వే. చాలాసేపు ఫొటోనే చూసింది.

తర్వాత కళ్ళెత్తి నన్ను చూసింది. నవ్వు పోయింది. నేను చెయ్యి పట్టుకోబోతే తన చెయ్యి లాక్కుని, కష్టపడి, ఒక్కో అంగుళం జరిగి, గోడవైపు తిరిగి పడుకుంది.

"అట్ల ఎవరికీ చేయది అవ్వ" అంది లక్ష్మి, నొచ్చుకుంటూ. "ఏమనుకోకు తమ్మీ. నువ్వేమన్న అన్నవా ఏంది?"

ఏమీ అనలేదని చెప్పాను. చాయ్ తాగకుండానే లేచాను. నేను చెప్పులు వేసుకుని వాకిట్లోకి వచ్చేదాకా ఆమె తిరగలేదు. నేను ఇంటికి రావాల్సి ఉండింది, వచ్చాను, నా బిడ్డ బతికింది. అందులో నేను చేసిన తప్పేమిటో నాకు తెలియదు. ఆ మధ్యాహ్నం ఎండలో చేతులెత్తి నేను తోలేసింది ఎవరినో, అదీ తెలియదు.